పట్టా మనదే, బాటే వాడిది

పోయిన సంక్రాంతికి చీపురుపల్లి వెళ్తే మా బావ నన్ను స్టేషన్నుంచి నేరుగా ఇంటికి తీసుకెళ్ళలేదు. బండెక్కించుకుని తన ఆఫీసుకి తీసుకుపోయాడు. ఆఫీసంటే ఏదో ఊహించుకోకండి. మేడ మీద ఒక గది, అందులో ఒక ర్యాకు, ఓ పాత ఏసీ, రెండు బ్యాటరీల ఇన్వర్టరు, గోడకి వెంకన్నబాబు ఫొటో. ఫొటో పక్కనే కొత్తగా ఇంకో ఫ్రేము కనబడింది. దగ్గరికెళ్ళి చూస్తే అదొక ఈమెయిలు ప్రింటు. మీ సంస్థకి 512 ఐపీ చిరునామాలూ, ఒక ఏఎస్ నంబరూ కేటాయించామని దాని సారాంశం. లామినేషన్ చేయించి మరీ తగిలించాడు. మా అప్ప దానికి బొట్టు కూడా పెట్టింది :)

"చూసేవా?" అన్నాడు.

"చూశా. శుభం" అన్నా.

"ఏటి శుభం? ఇది ఒచ్చి నాలుగు నెల్లయిపోయింది. ఒక్క కస్టమర్ని కూడా దీని మీదికి మార్చలేకపోయేను. డబ్బులు కట్టీసేను, కాయితం ఒచ్చీసింది. ఇంకేటి కావాలంట ఆళ్ళకి?"

ఆ "ఆళ్ళు" ఎవరో పేరు చెప్పను. బావ ఇంటర్నెట్టు కొనే పై కంపెనీ, మన భాషలో అప్‌స్ట్రీమ్. ఆ కంపెనీ లైను మీదే ఇవాళ్టికీ బతుకుతున్నాడు కాబట్టి పేరు అనవసరం. పైగా నా కోపం ఒక కంపెనీ మీద కాదు, ఒక పద్ధతి మీద. చివరికొచ్చేసరికి ఆ కోపం మనమీదికీ వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

ముందు బావ గురించి రెండు ముక్కలు. డిష్ గొడుగులు పెట్టి కేబుల్ టీవీ ఇచ్చిన కాలం నుంచీ ఈ వ్యాపారంలోనే ఉన్నాడు. తర్వాత ఫైబరు లాగాడు, లైసెన్సు తీసుకున్నాడు. ఇప్పుడు చీపురుపల్లి, గరివిడి, చుట్టుపక్కల పల్లెలు కలిపి పంతొమ్మిది వందల చిల్లర కనెక్షన్లు. 2020లో మనమంతా లాప్‌టాప్ సంకన పెట్టుకుని హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ ఊళ్ళకి పారిపోయాం కదా, గుర్తుందా? ఆ ఏడాదంతా మన స్టాండప్ కాల్సూ, మన వీపీఎన్‌లూ, మన జీతాలూ నిలబెట్టింది ఇలాంటి బావలే. వర్షంలో నిచ్చెనేసుకుని స్తంభమెక్కి తీగ అతికించినవాళ్ళు. అందుకని ఈ గొడవ మనకి సంబంధం లేదని దాటేయకండి.

సరే, అసలు సంగతికొస్తా. సొంత ఐపీ చిరునామాలు దేనికి?

ఇన్నాళ్ళూ అప్‌స్ట్రీమ్ కంపెనీ బావకి ఇచ్చినవి పదహారు పబ్లిక్ చిరునామాలు. పంతొమ్మిది వందల ఇళ్ళు ఆ పదహారింటి వెనక నిలబడాలి, అంటే ఒక్కో చిరునామా వెనక వందకి పైగా ఇళ్ళు. ఒక ఇంట్లో కంప్యూటర్‌కి వైరస్ పట్టి స్పాము పంపితే, మిగతా నూరిళ్ళకీ ప్రతి వెబ్‌సైటూ "నువ్వు మనిషివేనా" అని బొమ్మల పరీక్ష పెడుతుంది. చెన్నైలో ఉన్న కొడుకు ఇంటి ముందు పెట్టిన కెమెరాని చూద్దామంటే కుదరదు. మన వీపీఎన్ ఎందుకు తెగుతోందో బావకీ తెలీదు, మనకీ తెలీదు. ఏ చిరునామా ఎవరు ఎప్పుడు వాడారో పోలీసులు అడిగితే చెప్పాలి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి. వందిళ్ళు ఒక చిరునామా పంచుకుంటుంటే ఆ లాగులు కొండలా పేరుకుంటాయి. అదే 512 ఉంటే ఇంచుమించు నాలుగిళ్ళకి ఒకటి. స్వర్గమని అనను గానీ, మనుషులు బతికే లెక్క.

ఇంకా పెద్ద కారణం వేరే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి పలాస వైపు తుడిచిపెట్టింది. తుపాన్ల దారిలో ఉన్న ఊరికి ఒకే లైను చాలదు. ఒకటి విశాఖ వైపునుంచి, ఇంకొకటి ఒడిశా వైపునుంచి ఉండాలి, ఒకటి తెగితే రెండోది నిలబడాలి. అప్‌స్ట్రీమ్ వాడిచ్చిన చిరునామాలతో ఆ పని కుదరదు. అవి వాడివి. వాడి లైను తెగితే అవీ చస్తాయి, వాణ్ణి వదిలేస్తే అవీ వదిలేయాలి. అద్దిల్లు మారినప్పుడల్లా ఊరందరికీ కొత్త చిరునామా చెప్పుకున్నట్టు. సొంత చిరునామాలైతే ఏ లైను మీదైనా వస్తాయి.

అందుకే దరఖాస్తు పెట్టాడు. మన దేశంలో ఈ చిరునామాలిచ్చేది నిక్సీ కింద ఉన్న ఐఆర్‌ఐఎన్‌ఎన్, 2012 నుంచీ. దాని పైన ఆసియా పసిఫిక్ ప్రాంతానికంతటికీ ఏపీనిక్. ఐపీవీ4 చిరునామాల మొత్తం కుండ 2011 ఫిబ్రవరి 3నే ఖాళీ అయ్యింది. అదే ఏడాది ఏప్రిల్ 15 నుంచి ఏపీనిక్ ఒక్కో సభ్యుడికి 1024కి మించి ఇవ్వడం మానేసింది. 2019 ఫిబ్రవరి నుంచి ఆ గరిష్ఠం 512. అంటే రేషను. ఆ రేషను కార్డే గోడమీద బొట్టు పెట్టించుకున్న కాగితం.

మనబోటి సాఫ్ట్‌వేర్ జనానికి ఐపీ చిరునామా అంటే కన్సోల్లో బటన్ నొక్కితే వచ్చేసేది. కింద ఏం జరుగుతుందో చూడం. కాబట్టి ఒక పొలం లెక్కన చెప్తా.

మీకు రెండెకరాల పొలం ఉంది. పట్టా మీ పేరునే ఉంది. కానీ నాలుగు వైపులా వేరేవాళ్ళ పొలాలు, రోడ్డు మీదికి రావాలంటే పక్కవాడి గట్టు మీంచి రావాలి. పక్కవాడు గట్టుకి ముళ్ళకంప అడ్డం పెడితే మీ పట్టా దేనికి పనికొస్తుంది? లామినేషన్ చేయించుకోడానికి.

ఐఆర్‌ఐఎన్‌ఎన్ ఇచ్చేది పట్టా. బాట ఇవ్వాల్సింది అప్‌స్ట్రీమ్.

ఆ బాట ఎలా పడుతుందంటే చాటింపు పద్ధతిలో. దానిపేరు బీజీపీ. 1989లో కిర్క్ లోహీడ్, యాకోవ్ రెక్టర్ అనే ఇద్దరు ఇంజనీర్లు భోజనాల దగ్గర నేప్‌కిన్ల మీద గీసిన పద్ధతి, ఈనాటికీ ప్రపంచమంతా దాని మీదే నడుస్తోంది. మా బావ రౌటరు అప్‌స్ట్రీమ్ రౌటరుతో "ఈ 512 చిరునామాలకి దారి నా గుమ్మంలోంచి" అని చెబుతుంది. ఆ రౌటరు నమ్మితే తన పైవాళ్ళకీ పక్కవాళ్ళకీ చెబుతుంది. వాళ్ళు వాళ్ళవాళ్ళకి చెబుతారు. అలా నిమిషాల్లో ప్రపంచమంతా పాకిపోతుంది. చాటింపు వినేవాళ్ళకీ కొన్ని పట్టింపులుంటాయి. 256 చిరునామాల కన్నా చిన్న ముక్కని చాలామంది అసలు వినరు.

నమ్మాలా వద్దా అన్నది అప్‌స్ట్రీమ్ పెట్టుకున్న జాబితాని బట్టి ఉంటుంది. ప్రిఫిక్స్ ఫిల్టరంటారు. జాబితాలో ఉంటే లోపలికి, లేకపోతే చెత్తబుట్టలోకి. తమాషా ఏంటంటే, చెత్తబుట్టలో వేసినట్టు మనకి కబురు రాదు. మన రౌటర్లో అంతా పచ్చగానే ఉంటుంది. గొంతు చించుకుని అరుస్తున్నాం, అవతలివాడు చెవుల్లో దూది పెట్టుకున్నాడు, అంతే.

ఆ దూది తీయడం ఎంత పని? మూడు నాలుగు లైన్ల కాన్ఫిగరేషన్. బావకి నాలుగు నెలలు ఎలా పట్టిందో వినండి.

మొదటి నెల సేల్స్ అబ్బాయి. "అయిపోద్ది సార్, రెండ్రోజులు." వారం వారం అదే రెండ్రోజులు.

రెండో నెల ఉత్తరం. ఈ చిరునామాలు మావే, చాటడానికి మీకు అనుమతిస్తున్నాం అని లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. ఎల్‌ఓఏ అంటారు. ఇచ్చాడు. మా నమూనాలో లేదన్నారు. నమూనాలో ఇచ్చాడు. సంతకం కింద ముద్ర లేదన్నారు. ముద్ర వేశాడు. స్టాంపు కాగితం మీద నోటరీ చేయించమన్నారు. విజయనగరం వెళ్ళి చేయించుకొచ్చాడు. ఆ నోటరీ గారికి ఏఎస్ నంబరంటే ఏంటో తెలుసునంటారా? ఇల్లు అమ్మే కాగితమనుకుని ఉంటాడు పాపం.

మూడో నెల డబ్బులు. మీ ప్లానులో బీజీపీ లేదు, వన్‌టైమ్ చార్జీ అన్నారు. కట్టాడు. కట్టాక ఒక బంగారం లాంటి సలహా. "బీజీపీ మీకెందుకు సార్, తలనొప్పి. ఆ చిరునామాలు మాకిచ్చేయండి. మా ఏఎస్ నంబరు మీదే మేం చాటేస్తాం, మీకు స్టాటిక్ రూటు వేసేస్తాం."

బావ ఒప్పేసుకునేవాడే. ఆ రోజు ఫోన్లో నేను కేకలేసి ఆపాను. ఎందుకంటే అది పక్కవాడు "నీ పొలం నా పొలంలో కలిపేసి నేనే సాగు చేయించి పెడతాలే" అన్నట్టు. ఒక్క లైనుతో బతికినన్నాళ్ళూ బాగానే ఉంటుంది. రెండో లైను తెచ్చుకున్నరోజు, లేదా వదిలి వెళ్ళిపోదామన్న రోజు తెలుస్తుంది. మీ చిరునామాలని వాళ్ళ పేరుతో చాటడం ఆపమని మళ్ళీ వాళ్ళనే బతిమాలాలి. ఆపేవరకూ సగం ట్రాఫిక్ వాళ్ళ దగ్గరికే పోతుంది. ఏ స్వేచ్ఛ కోసం పట్టా తెచ్చుకున్నాడో, సరిగ్గా దాన్నే అడుగుతున్నారు, అదీ సాయం చేస్తున్నట్టు మొహం పెట్టి.

నాలుగో నెల సెషన్ లేచింది, ఫిల్టరు తెరిచారు. తెరిచిందెక్కడ? వాళ్ళ గుమ్మంలో మాత్రం. భోగి రోజు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నేనూ బావా లుకింగ్ గ్లాసులు తిరిగాం (వేరేవాళ్ళ రౌటర్లలో మన దారి కనిపిస్తోందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు, ఉచితం). చెన్నైలో కనిపిస్తోంది. ముంబైలో కనిపిస్తోంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో లేదు. ఎందుకంటే మా అప్‌స్ట్రీమ్‌కీ పైన ఇంకో అప్‌స్ట్రీమ్ ఉంది. ఆ పైవాడు తన జాబితాని, కిందవాడు రిజిస్ట్రీలో రాసుకున్న తన కస్టమర్ల పట్టికనుంచి తయారుచేసుకుంటాడు. ఆ పట్టికలో మా బావ నంబరు చేర్చడం వీళ్ళు మర్చిపోయారు. ఒక్క లైను. టికెట్టు పెడితే గంటలో మూసేశారు. కారణం: కస్టమర్ ఎండ్ సమస్య.

"సగం లోకానికే కనబడితే సగం బతికినట్టేటి?" అన్నాడు బావ. నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ కొందరు గొంతు సవరించుకుంటారని తెలుసు. "మీకేం, ఆవేశంగా మాట్లాడతారు. అడిగినవాడికల్లా ఫిల్టరు తెరిస్తే ఎవడి చిరునామాలు ఎవడు కాజేస్తాడో? భద్రత వద్దా?"

వద్దనలేదు. ఫిల్టరు ఉండి తీరాలి. ఫిల్టరు లేకపోతే ఏమవుతుందో చరిత్ర నిండా ఉంది. 1997 ఏప్రిల్ 25న అమెరికాలో ఏఎస్ 7007 అనే ఒక చిన్న నెట్‌వర్కు రౌటరు లోకంలోని చిరునామాలన్నీ నావేనని చాటేసింది, ఇంటర్నెట్టు అల్లాడిపోయింది. చిన్నవాడి తప్పే, ఒప్పుకుంటా. మరి దాన్ని నమ్మి ఊరంతా చాటిన పెద్దవాడో? 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తన దేశంలో యూట్యూబ్ ఆపబోయి యూట్యూబ్ చిరునామాలని చాటింది. పైనున్న పీసీసీడబ్ల్యూ దాన్ని అలాగే లోకానికి వదిలింది. రెండు గంటలపాటు ప్రపంచంలో చాలామందికి యూట్యూబ్ లేదు. పాకిస్తాన్ టెలికాం ఏమన్నా మేడ మీద గదిలో ర్యాకు పెట్టుకున్న బాపతా?

మన దేశానికొద్దాం. 2015 మార్చి 12న గూగుల్‌కి చెందిన మూడు వందల పైచిలుకు దారులు హాత్‌వే నుంచి లీకై, ఎయిర్‌టెల్ గుండా లోకంలోకి పోయాయి. అదే ఏడాది నవంబరు 6న ఎయిర్‌టెల్ నెట్‌వర్కే సుమారు 16 వేల దారులు తనవని చాటింది. 2021 ఏప్రిల్ 16న వొడాఫోన్ ఐడియా నెట్‌వర్కు నుంచి 30 వేలకు పైగా. ఇందులో ఏ ఒక్కదాన్నైనా నోటరీ ముద్ర ఆపిందా? స్టాంపు కాగితం ఆపిందా? ఆపదు, ఆపలేదు. రౌటర్‌కి ముద్రలు చదవడం రాదు.

రౌటర్‌కి చదవడం వచ్చినది ఒకటుంది. దాని పేరు ఆర్‌ఓఏ. చిరునామాల యజమాని రిజిస్ట్రీ ఖాతాలోకి వెళ్ళి, "ఈ చిరునామాలని చాటే హక్కు ఫలానా ఏఎస్ నంబరుకే" అని డిజిటల్ సంతకంతో రాసిపెడతాడు. ప్రపంచంలో ఏ రౌటరైనా దాన్ని సరిచూసుకోవచ్చు. ఉత్తరం ఫోటోషాప్‌లో దొంగది తయారుచేయొచ్చు గానీ దీన్ని చేయలేరు. 2019 ఫిబ్రవరిలోనే ఏటీ అండ్ టీ, పీరింగ్‌లో వచ్చే చాటింపుల్లో దీనికి విరుద్ధమైనవాటిని పారెయ్యడం మొదలుపెట్టింది. 2024 మే నాటికి ప్రపంచంలోని ఐపీవీ4 దారుల్లో సగానికి పైగా ఆర్‌ఓఏలున్నాయి. మీ చిరునామాలు తీసుకెళ్ళి అమెజాన్ క్లౌడులో వాడుకోవాలన్నా అడిగేది ఆర్‌ఓఏనే, 2018 నుంచీ. విజయనగరం నోటరీని కాదు.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమాడినట్టే. ఆర్‌ఓఏ చేసిపెట్టిన కన్సల్టెంటు 512 మొత్తాన్ని ఒకే ముక్కగా మాత్రమే చాటొచ్చని రాశాడు. మేం పరీక్ష కోసం 256 చొప్పున రెండు ముక్కలుగా చాటాం. నియమం ప్రకారం అది చెల్లని చాటింపు. సరిచూసుకునే నెట్‌వర్కులన్నీ పారేశాయి, సరిగ్గానే పారేశాయి. కానీ చూడండి, మా తప్పు మాకు రెండు నిమిషాల్లో తెలిసింది, వాలిడేటర్ పేజీలో ఎర్రగా కనిపించింది. దిద్దుకున్నాం, ఆ సాయంత్రానికల్లా చెల్లింది. మనిషి చేసే తనిఖీకి నాలుగు నెలలు పట్టి కూడా ఈ తప్పు కనిపెట్టలేదు.

కాబట్టి ఇది భద్రత కాదు. భద్రత పేరు పెట్టుకున్న కాలయాపన.

దీనికి ఎవరో కుర్చీలో కూర్చుని కుట్ర పన్నక్కర్లేదు. అప్‌స్ట్రీమ్ చిరునామాలు వాడుకునే కస్టమరు ఎక్కడికీ పోలేడు, సొంత చిరునామాలున్నవాడు వచ్చే నెల పోగలడు. ఆ తేడా సేల్స్ మనిషికి తెలుసు, వాడి బాసుకీ తెలుసు. తనని వదిలి వెళ్ళే తలుపుకి గొళ్ళెం తీసే పనిలో ఎవడు హడావుడి పడతాడు? పని ఆలస్యమైతే ఎవరి జీతమూ కట్ కాదు, అంతే. బద్ధకానికీ లాభానికీ దారి ఒకటే అయినప్పుడు ఇంక కుట్రతో పనేముంది.

మొబైల్ నంబర్ల దగ్గర సరిగ్గా ఇదే జబ్బు ఉండేది. నంబరు పోతుందని కంపెనీ మారేవాళ్ళం కాదు. 2010 నవంబరు 25న హర్యానాలో, 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు పోర్టబిలిటీ వచ్చింది. 2019 డిసెంబరు 16 నుంచి అదే సర్కిల్లో అయితే మూడు పనిదినాల్లో అయిపోవాలని ట్రాయ్ గడువు పెట్టింది. మా అప్ప 1900కి ఒక ఎస్సెమ్మెస్ కొట్టి మూడు రోజుల్లో కంపెనీ మారిపోతుంది. ఆవిడ భర్త ప్రభుత్వ లైసెన్సున్న ఇంటర్నెట్ కంపెనీ యజమాని, తన సొంత చిరునామాలు తన లైను మీదికి తెచ్చుకోడానికి నాలుగు నెలలు దేవిడీమన్నా. ఒకే ఇంట్లో రెండు న్యాయాలు!

పొలం పోలిక ఊరికే తేలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 13వ సెక్షను చూడండి. అన్నదమ్ములు భూమి పంచుకున్నప్పుడు లోపలి వాటా వాడికి బయటికి రావడానికి వేరే దారి లేకపోతే, బయటి వాటాలోంచి నడిచే హక్కు ఉంటుంది. పక్కవాడి దయ కాదు, హక్కు. బ్రిటిషువాడి కాలంలో ఎడ్లబండికి ఇచ్చిన బాట ఇవాళ పేకెట్టుకి ఇవ్వలేమా?

"ఐపీవీ6 వచ్చేసింది కదా, ఇంకా ఈ 512 కోసం కొట్టుకోవడమేంటి" అనేవాళ్ళకో మాట. ఐపీవీ6 చిరునామాలు కావలసినన్ని ఇస్తారు, నిజమే. కానీ వాటికీ ఇదే చాటింపు, ఇదే ఫిల్టరు, ఇదే అప్‌స్ట్రీమ్. పొలం పెద్దదైనంత మాత్రాన ముళ్ళకంప దానంతటది తొలగదు.

ఇప్పుడు మన సంగతి.

ఆ ఎన్‌ఓసీల్లో కూర్చున్నదెవరు? మనమే. శ్రీకాకుళం నుంచీ, గుంటూరు నుంచీ, నల్గొండ నుంచీ వచ్చి సిస్కో సర్టిఫికెట్లు చేసి రాత్రి షిఫ్టుల్లో టికెట్లు మూసేది మనమే. నేనూ మూశాను. కొన్నేళ్ళ క్రితం హైదరాబాదులో ఒక ఎన్‌ఓసీలో చేసేటప్పుడు, గడువు దాటబోతున్న టికెట్టుని "పెండింగ్ విత్ కస్టమర్" లోకి తోసేసేవాళ్ళం. తోయగానే గడియారం ఆగిపోతుంది. కస్టమరుకి ఏదో ఒక ప్రశ్న పంపితే చాలు, "దయచేసి ఉత్తరం మళ్ళీ పంపండి" లాంటిది. ఉత్తరం మా దగ్గరే ఉండేది. నెలాఖరుకి మా టీముకి మంచి మార్కులొచ్చేవి. అవతల ఏ ఊళ్ళో ఏ బావ తలపట్టుకున్నాడో నేనెప్పుడూ ఆలోచించలేదు. బావ ఆ మూసేసిన టికెట్టు చూపించినప్పుడు నాకు తెలిసిన భాషే కనిపించింది. సిగ్గేసింది.

అందుకని అడిగేది మనల్నే ముందు.

పెద్ద కంపెనీల్లో నెట్‌వర్కు పని చేసేవాళ్ళకి: ఎల్‌ఓఏ నమూనా మీరు రాసింది కాకపోవచ్చు, కానీ దాని బదులు ఆర్‌ఓఏ చూసి ఫిల్టరు తెరిచే స్క్రిప్టు రాయగలిగింది మీరే. ఒక శనివారం పని. ఫిల్టరు తెరిచాక మీ పైవాడి దగ్గరా కనిపిస్తోందో లేదో చూసి మాత్రమే టికెట్టు మూయండి. "కస్టమర్ ఎండ్" అని రాసేముందు ఒక్కసారి లుకింగ్ గ్లాసు తెరవండి.

బావలాంటివాళ్ళకి: పీఓ మీద సంతకం పెట్టే ముందే అన్నీ అందులో రాయించండి. బీజీపీ ఇస్తారా, చార్జీ ఎంత, ఎన్ని రోజుల్లో, ఐపీవీ6 కూడానా, వాళ్ళ పైవాళ్ళ దాకా చాటే బాధ్యత ఎవరిది. సంతకం పెట్టాక అడిగితే అది బేరం కాదు, బతిమాలుకోవడం. రిజిస్ట్రీ ఖాతా పాస్‌వర్డు కన్సల్టెంటు దగ్గర వదలకండి. పాసుపుస్తకం దళారీ చేతిలో పెట్టే రైతు ఉంటాడా? ఆర్‌ఓఏలో ఏం రాశారో మీరే చూసుకోండి.

ప్రభుత్వానికి: నంబరు పోర్టబిలిటీకి పెట్టినట్టే దీనికీ గడువు పెట్టండి. చెల్లే ఆర్‌ఓఏ చూపించిన లైసెన్సుదారు చిరునామాలని అప్‌స్ట్రీమ్ మూడు పనిదినాల్లో చాటాలి. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతానని ప్రకటించింది, సముద్రం కింది కేబుళ్ళు అక్కడ ఒడ్డుకి చేరతాయంటున్నారు. సంతోషం. చీపురుపల్లికీ విశాఖకీ పట్టుమని వంద కిలోమీటర్లు లేదు. మెయిన్ లైను మీద స్టేషనుంది కదా అని ప్రతి బండీ ఆగదని మా ఊరివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

చివరికి ఏమైందో చెప్పి ముగిస్తా. కనుమ నాటి రాత్రి పదకొండు గంటలకి నేనే అప్‌స్ట్రీమ్ ఎన్‌ఓసీకి ఫోన్ చేశా. ఎత్తిన కుర్రాడు ఇంగ్లీషులో టికెట్ నంబరడిగాడు. చెప్తూ చెప్తూ ఉంటే నా యాస పట్టుకున్నాడు. "మీదే ఊరండీ?" అన్నాడు. చీపురుపల్లి అన్నా. "మాది టెక్కలండి, పండక్కి సెలవివ్వలేదు" అన్నాడు. అరిసెల గురించి కాసేపు మాట్లాడుకున్నాం. మాట్లాడుతూనే పట్టికలో ఆ ఒక్క లైను చేర్చాడు, తన పైవాళ్ళకి కబురు పెట్టాడు. వాడి పని పది నిమిషాలు. పైవాళ్ళు జాబితా తిరగేసుకునేసరికి తెల్లారింది. పొద్దున్నే చూస్తే ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా దారి కనిపించింది.

నేను విజయగర్వంతో బావ వైపు చూశా. బావ నవ్వలేదు. ఫ్రేము వైపు చూసి, ర్యాకు వైపు చూసి అన్నాడు.

"మరి రెండో లైను తీసుకున్నప్పుడు మళ్ళీ టెక్కలి కుర్రోణ్ణి ఎతుక్కోవాలేటి?"